ఓర్చుకోనని చెప్పిన అత్త

మా మేనత్త పోయిందని పోయిన నెల మా అన్న ఫోన్ చేసినాడు. పొద్దున్నే కాఫీ తాగి అరుగు మీద కూర్చుని, కూర్చున్నట్టే ఒరిగిపోయిందంట. గుండె అన్నారు. కావలి నుంచి బస్సులు మారి, చిట్టమూరు అవతల పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. వాకిట్లో కూర్చున్న వాళ్ళందరిదీ ఒకటే మాట, ఎంత ఓర్పుగల మనిషో అని.

చావింట్లో వాదించకూడదని నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోను. మా అత్త ఓర్పుగల మనిషి కాదు. ఒకసారి ఓర్చుకుంది, అది తన తప్పని తెలుసుకుంది, మళ్ళీ ఆ తప్పు చెయ్యలేదు.

మామయ్య వేటకు పోతే అత్త ఆ చేపలు, రొయ్యలు తట్టకెత్తుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది. మెత్తబడిన చేప చేతికొస్తే పడవ వాళ్ళ ముందే పక్కకు తీసి పెట్టేది. ఎవరు కొరకొరా చూసినా తట్టలో వేసుకునేది కాదు. ముప్పై ఏళ్ళ బరువు చివరికి నడుములో దిగింది. ఎడమ కాలు తుంటి నుంచి మడమ దాకా లాగేది. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో మొదటి ఆపరేషన్ చేయించుకుంది. అప్పుడు నేను పక్కన లేను. తర్వాత తనే చెప్పింది. పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా ప్రాణమున్న చేపకు పొలుసు గీకినట్టు ఉండేదంట. అడిగితే, కోసినాక నొప్పి పుట్టదా, ఓర్చుకోమన్నారంట.

"మూడు రోజులు కొంగు కొరికినానమ్మే. నాలుగో రోజు చూస్తే కొంగు చిరిగిపోయుండాది, నొప్పి అట్నే ఉండాది."

ఏడేళ్ళకు నడుము మళ్ళీ తిరగబడింది. ఈసారి వేరే ఆసుపత్రి, తోడుగా నేను. సంతకం పెట్టమని కాగితాలు తెస్తే అత్త పెన్ను తీసి దిండు మీద పెట్టేసింది. మత్తు డాక్టరుతో మాట్లాడితే గానీ పెట్టనంది. పనిమాలా పిలిపిస్తారా అని నేను భయపడ్డాను. అడగందే అమ్మయినా పెట్టదు, ఆసుపత్రోళ్ళు పెడతారా అంది.

మత్తు డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. మంచం అంచున కూర్చుని, విసుక్కోకుండా చెప్పింది. ఆపరేషన్ మత్తులో ఉండగానే స్కానింగ్ మిషన్లో చూసుకుంటూ వెన్నుకు రెండు పక్కలా కండరాల మధ్య మందు వేస్తారంట. కోసిన చోటి నుంచి నొప్పిని పైకి చేరవేసే నరాలు కొన్ని గంటలు మొద్దుబారి ఉంటాయంట. నర్వ్ బ్లాక్ అంటారని చెప్పింది. నొప్పి మొత్తం పోతుందని మాత్రం అనలేదు. చాలావరకు తగ్గుతుందనీ, కాళ్ళు మామూలుగా కదులుతాయనీ, మరుసటి రోజుకు మందు దిగిపోతుంది కాబట్టి ఆ లోపలే మాత్రలు మొదలుపెడతామనీ చెప్పింది. అరుదుగా వచ్చే ఇబ్బందులు కూడా దాచలేదు.

చెల్లెల్ని చూసేదానికొచ్చిన మా నాయన ఒప్పుకోలేదు. వెన్ను దగ్గర సూది పడితే జన్మంతా నడుం నొప్పేనన్నాడు. మనమ్మ ఏడు కాన్పులు ఓర్చుకోలేదా అన్నాడు.

"ఓర్చుకునింది అన్నా," అంది అత్త. "ఓర్చుకున్నందుకు ఎవురన్నా శాలువా కప్పినారా?"

అత్త దిండు మీది పెన్ను తీసుకుంది.

సాయంత్రం వార్డుకు తెచ్చారు. అరుస్తుందేమోనని నేను మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరు నర్సులు దుంగను దొర్లించినట్టు పక్కకు తిప్పారు. మొహం ముడిచింది, అంతే. నొప్పి ఉందా అని అడిగాను. "ఉండాది. మాట్లాడుకునేంత ఉండాది," అంది. తర్వాత ఆ పూట రొయ్యలు పడినాయో లేదో ఇంటికి ఫోన్ చేసి కనుక్కోమంది.

పక్క మంచం మీద కోవూరు ఆమె. వరి సాగు చేసుకునే ఇంటి కోడలు. అదే రోజు అదే ఆపరేషన్, చేసిన డాక్టరు వేరు. ఆమెకు ఈ బ్లాక్ వెయ్యలేదు. అడగాలని ఆమెకు తెలీదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు. తెల్లారేసరికి ఆమె నోట్లో కొంగు ఉంది. మా ఆమె కిక్కురుమనలేదు చూడండి అని మొగుడు గొప్పగా చెప్పుకున్నాడు. అత్త అతని వైపు చూడలేదు. ఆ కొంగు వైపే చూసింది.

కాసేపటికి అత్తను నడిపించడానికి ఒకతను వాకర్ తెచ్చాడు. తలుపు దాకా నాలుగడుగులు చాలన్నాడు. నడుముకు బెల్టు బిగించుకుని అత్త తలుపు దాటింది. ఆగమన్నా ఆగకుండా నర్సులు కూర్చునే బల్ల దాకా పోయింది.

"నాకు కాదు. నా పక్క మంచం ఆమెకి నొప్పికి మందు కావాల. ఆమె అడగదు, నేను అడగతా ఉండా."

మధ్యాహ్నం పెద్ద డాక్టరు వస్తాడు, అప్పుడు చూద్దామంది నర్సు. అయితే అందాకా ఇక్కడే ఉంటానంది అత్త. నేను కుర్చీ తెస్తే కూర్చోలేదు. కూర్చుంటే మరిచిపోతారంది. చివరికి నర్సు ఫోన్ తీసింది.

ఆ మత్తు డాక్టరమ్మే దిగి వచ్చింది. కోవూరు ఆమెను పరీక్ష చేసి, ఆపరేషన్ చేసిన డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, ఆమెనూ అడిగి, సరేనన్నాక లోపలికి తీసుకుపోయి మందు వేసింది. తిరిగొచ్చిన కాసేపటికి ఆమె నోరు తెరుచుకుని నిద్రపోయింది. మొగుడు అత్త దగ్గరకొచ్చి, నాకు తెలీదమ్మా అన్నాడు. అత్త తిట్టలేదు. "ఇప్పుడు తెలిసింది గదా. ఇంకొకరికి చెప్పు," అంది.

ఆ సాయంత్రానికి అత్తకు బ్లాక్ పూర్తిగా దిగిపోయింది. మాత్రలు వేసుకున్నా నొప్పి వచ్చింది. గంట నొక్కింది. చాల్లేదని మళ్ళీ నొక్కింది. చేపలమ్మా చేపలు అని వీధివీధీ అరిచిన నోటికి నొప్పి అని చెప్పేదానికి సిగ్గేంది అంది.

ఆ తర్వాత తట్ట నెత్తికెత్తలేదు. బల్ల వేసుకుని ఊళ్ళోనే అమ్మింది. నడుము పూర్తిగా బాగైందని చెప్పను, వానాకాలంలో లాగుతూనే ఉండేది. కానీ ఊళ్ళో ఎవరు ఆపరేషన్ కు పోతున్నా వాళ్ళింటికి పోయి ఒక్క మాట చెప్పేది. అయినాక నొప్పికి ఏం చేస్తారో ముందే అడగమనేది. కొందరు డాక్టర్లు విసుక్కున్నారు. ఒకచోట అట్లాంటివి మా దగ్గర లేవని పంపేశారు. ఆ సంగతి విని అత్త వారం రోజులు కోపంగా ఉంది. అయినా చెప్పడం మానలేదు. ఇప్పుడు నేను మా బళ్ళో తోటి టీచర్లకు చెబుతున్నాను.

చివరిసారి ఆమెను చూసింది రెండు నెలల కిందట, సరస్సు ఒడ్డున. ఆ రోజు పడవలు ఆలస్యమయ్యాయి. చేపల కోసం వచ్చిన ఆడవాళ్ళంతా ఇసుకలో చతికిలబడ్డారు. అత్త ఒక్కతే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఇంటికి పోదాం రా అత్తా అంటే తల తిప్పలేదు. దూరంగా పడవలు ఇంకా చుక్కల్లాగే ఉన్నాయి. గాలికి నీళ్ళు పాదాల మీదికి ఎక్కుతున్నా ఆమె అడుగు వెనక్కి వెయ్యలేదు.