ఆడని మూడో భాగం

మా ఊరి ఐస్ హాకీ రింకులో డ్రెస్సింగ్ రూము నుంచి మంచు మీదికి వెళ్ళే దారిలో ఒక గోడ ఉంది. గోడ నిండా మేకులు, మేకులకు పాత స్కేట్లు. ఆట మానేసినవాడు తన మేకు తనే కొట్టుకోవాలి, తన స్కేట్లు తనే తగిలించుకోవాలి. ఆ కాసేపూ మిగతావాళ్ళం అటు తిరిగి నిలబడతాం, చూడకూడదు. ఒకడి స్కేట్లు ఇంకొకడు తగిలించకూడదు. ఈ ఆచారం ఎవడు పెట్టాడో నాకు తెలీదు గానీ, చర్చి మొహం చూడనివాడు కూడా దీన్ని తప్పడు.

కొర్బినియన్ సంగతి చెప్పాలంటే ఈ గోడ గురించి చెప్పక తప్పదు. వాణ్ణి కొర్బీ అంటాం, పాల రైతు కొడుకు. నడక సరిగ్గా రాకముందే వంటింటి కుర్చీని తోసుకుంటూ గడ్డకట్టిన చెరువు మీద తిరిగాడు. వాడితో పాటే తిరిగినవాడు పోస్ట్‌మన్ కొడుకు సెవెరిన్. పెద్దయ్యాక ఇద్దరూ మా ఊరి క్లబ్‌కే ఆడారు. సెవెరిన్ మధ్యలో, కొర్బీ ఎడమ పక్కన ఫార్వర్డ్. సెవెరిన్ చూడకుండా రబ్బరు బిళ్ళ తోస్తాడు, అది కొర్బీ కర్రకే తగులుతుంది. "మీ ఇద్దరికీ కలిపి ఒకటే బుర్రరా, అదీ సగమే" అనేవాణ్ణి.

నేను వెండెలిన్. ఆ క్లబ్‌లో స్కేట్లకు సాన పట్టేది నేనే. వయసులో ఉన్నప్పుడు మూడో గోల్ కీపర్ని. మొదటి ఇద్దరూ దున్నపోతుల్లా ఉండేవాళ్ళు, ఒక్కరోజూ జ్వరం రాలేదు. అందుకని నేను ఒక్క మ్యాచూ ఆడకుండానే ముసలాణ్ణయ్యాను.

కొర్బీ కొన్నేళ్ళు కొలోన్ నగరం వెళ్ళి పెద్ద లీగ్‌లో ఆడాడు. దేశం జట్టుకు ఒకసారి పిలిచారు, బెంచి మీద కూర్చోబెట్టి పంపేశారు. అక్కడ డబ్బుంది, పేరుంది, అయినా తిరిగొచ్చేశాడు. ఎందుకురా అంటే, "అక్కడ బిళ్ళ ఎప్పుడొస్తుందా అని కాచుకోవాలి వెండెల్. ఇక్కడైతే కర్ర ఆనిస్తే చాలు, అదే వస్తుంది" అన్నాడు. వచ్చాక బుర్గిని పెళ్ళి చేసుకున్నాడు. బేకరీ పిల్ల, నోరున్న మనిషి.

మూడేళ్ళ కిందట జనవరిలో, పక్క ఊరి జట్టుతో మ్యాచ్ జరుగుతోంది. ఆటకు మూడు భాగాలు, అందులో రెండు అయ్యాయి, స్కోరు సమానం. విరామంలో సెవెరిన్ తన చోట కూర్చుని, స్కేట్ల తాళ్ళు వదులు చేసుకుని, గోడకు తల ఆనించాడు. కునుకు తీస్తున్నాడనుకున్నాం. కొర్బీ వాడి కాలు తన్ని, "లేవరా సోమరిపోతా" అన్నాడు కూడా. సెవెరిన్ లేవలేదు. గుండె ఆగిపోయింది.

మూడో భాగం ఆడలేదు. లీగ్ వాళ్ళు ఆ మ్యాచ్‌నే రద్దు చేశారు. సెవెరిన్ స్కేట్లు గోడకు తగిలిద్దామన్నారు కొందరు, ఎవరు తగిలించాలని గొడవపడ్డారు. చివరికి అవి వాడి బెంచి కిందే ఉండిపోయాయి.

తర్వాతి మ్యాచ్‌కి ముందు నేనొక పొరపాటు చేశాను. వరసగా స్కేట్లు తీసి సాన పడుతూ, అలవాటు చొప్పున సెవెరిన్‌వి కూడా పట్టేశాను. చేసిందేమిటో తెలిశాక గప్‌చుప్‌గా తీసుకెళ్ళి బెంచి కింద పెట్టేశాను. మ్యాచ్ అయ్యాక చూస్తే ఆ బ్లేడ్లు తడిగా ఉన్నాయి. అంచు మీద గోరు పెట్టి చూశాను. మొద్దుబారింది. ఊరికే పడున్న బ్లేడు మొద్దుబారదు, మంచు మీద పరిగెడితేనే బారుతుంది.

ఆ రోజు కొర్బీ మూడు గోల్స్ కొట్టాడు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నాకు మతి పోయిందంటారు. కానీ ప్రతి మ్యాచ్‌కీ ఆ జతకు సాన పట్టకుండా ఉండలేకపోయాను, ప్రతిసారీ అవి మొద్దుబారి దొరికాయి. కొర్బీ ముప్పై ఆరేళ్ళ వయసులో కుర్రాడప్పుడు కూడా ఆడనంత బాగా ఆడాడు. ఎవరూ లేని చోటికి బిళ్ళ తోస్తాడు, అది తిరిగి వాడి కర్రకే వస్తుంది. రింకు పక్కగోడకు తగిలి వస్తోందని పేపరు వాళ్ళు రాశారు. వాళ్ళకేం, రాస్తారు.

ఈలోగా వాడి కుడి మోకాలు గుమ్మడికాయంత అయింది. ఇంకొక్క సీజన్ ఆడితే నడక ఉండదని డాక్టరు తేల్చి చెప్పాడు. బుర్గి బ్రెజెల్ రొట్టెల సంచి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు చెబితే వింటాడు. మెట్లు దిగేటప్పుడు పళ్ళు కొరుక్కుంటున్నాడు వెండెల్. వాణ్ణి చక్రాల కుర్చీలో తోసుకు తిరగడానికా నేను చేసుకుంది?"

కొర్బీని సాన గదిలోకి పిలిచి తలుపేశాను. "మానెయ్యరా."

"నేను మానేస్తే వాడు ఎవరితో ఆడతాడు?"

"ఎవడు?"

"అమాయకుడిలా మాట్లాడకు. వాడి బ్లేడ్లకు సాన పడుతున్నదెవరు, మా తాతా?"

వాడు మోకాలు నిమురుకుంటూ ఏడ్చేశాడు.

అయినా బుర్గి కోసం ఏప్రిల్‌లో, సీజన్ చివరి మ్యాచ్ కాగానే మేకు కొట్టాడు. మేమంతా అటు తిరిగాం. స్కేట్లు తగిలించాడు, బీరు తాగాం. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఆ మేకు ఊడి కింద పడుంది. కొర్బీ స్కేట్లు బెంచి కింద, సెవెరిన్ స్కేట్ల పక్కన ఉన్నాయి. రెండు జతలూ తడిగా ఉన్నాయి.

ఫోన్ చేస్తే కుంటుకుంటూ వచ్చాడు. రెండు జతలనూ చూశాడు. "వదలడు, వెండెల్."

"వాడికి మాత్రం ఆట ఎక్కడ ముగిసిందిరా? మూడో భాగం మిగిలిపోయింది కదా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. వాడు తలెత్తి, "అయితే ఇవాళే ఆడేద్దాం" అన్నాడు.

ఆ సాయంత్రమే మంచు కరిగించేస్తారు. మళ్ళీ సెప్టెంబరు దాకా మంచుండదు. మంచును నున్నగా చేసే బండి నేనే తిప్పి కొత్త నీళ్ళు పోశాను. గడియారానికి ఒక భాగం, అంటే ఇరవై నిమిషాలు పెట్టాను. కుర్రతనం నాటి స్కేట్లు, కవచాలు తొడుక్కుని గోల్ ముందు నిలబడ్డాను. పట్టపగలు, ఖాళీ స్టాండ్లు.

కొర్బీ ఒక్కడే వచ్చాడు. మధ్యలోకి బిళ్ళ తోశాడు. అది ఖాళీ మంచు మీద ఆగింది, దిశ మార్చింది, ఎడమ పక్కకు వాడి కర్ర మీదికి వెళ్ళింది. పక్కగోడ ఆ దరిదాపుల్లో లేదు. నున్నటి మంచు మీద గీతలు పడుతున్నాయి, ఒకటి కొర్బీ వెనక, ఇంకొకటి దాని పక్కన, ఎవరూ లేకుండా. బ్లేడు మంచును కోసే చప్పుడు నా దగ్గరదగ్గరికి వచ్చింది. ఏం ఆపుతాను? ఒక్కటీ ఆపలేదు. కొర్బీ మాత్రం నవ్వుతున్నాడు, చెరువు మీద నవ్వినట్టు.

గడియారం సున్నాకు వచ్చి హారన్ మోగింది. రెండో గీత ఆగిపోయింది.

కొర్బీ స్కేట్లు విప్పి, సుత్తి తీసుకుని, సెవెరిన్ జతను గోడ కింద పెట్టాడు. నేను అటు తిరిగాను. నాలుగు బలమైన దెబ్బలు, తాళ్ళు రాసుకున్న చప్పుడు. తర్వాత సుత్తి మళ్ళీ మొదలైంది, ఈసారి తేలిగ్గా. ఎవడో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. చూస్తే కొర్బీ. నా పక్కనే, నాలాగే అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

వెనక సుత్తి కొడుతూనే ఉంది. ఆగింది. మళ్ళీ కొట్టింది.

అంతా సద్దుమణిగాక తిరిగి చూశాం. ఒక మేకుకు కొర్బీ స్కేట్లు, పక్క మేకుకు సెవెరిన్‌వి. వాటి పక్కన మూడో మేకు, కొత్తది, ఖాళీది.

"అదెవరికిరా?"

కొర్బీ నా కాళ్ళ వైపు చూశాడు. నేనింకా స్కేట్లు విప్పలేదు. "ఇవాళ నువ్వూ ఆడావు కదా" అన్నాడు మెల్లగా.

ఇప్పుడు కొర్బీ బుర్గితో కొండలెక్కుతున్నాడు, మోకాలు నయమే. సెవెరిన్ బ్లేడ్లు ఆ రోజు నుంచి పొడిగానే ఉన్నాయి. సెవెరిన్ మంచివాడే, ఈ ముసలాణ్ణీ ఆటగాడిగా లెక్కేశాడు. కానీ నాకు మేకు కొట్టమని వాణ్ణి ఎవడడిగాడు? ఏటా క్లబ్ వాళ్ళు, ఇక విశ్రాంతి తీసుకో వెండెల్ అంటారు. నేను సానరాయి వదలను. ఆ గోడ పక్కగా వెళ్ళేటప్పుడు తల దించుకునే వెళ్తాను. స్కేట్లు తగిలిస్తే నా ఆటా అయిపోయినట్టే, నాకు భయం. నా స్కేట్లు ఇంటికి తెచ్చి మంచం కింద దాచుకున్నాను, ఎక్కడున్నాయో కొర్బీకి కూడా చెప్పలేదు.