ముసలి మేకది కావాలన్నాను

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాది నా టిఫిన్ డబ్బాలో అన్నం ఉండేది కాదు. ఐసు ముక్కల మధ్య మేక క్లోమం ఉండేది. తాండూరులో మాది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. నేను వికారాబాదులో అక్క దగ్గర ఉండి, పరిశోధన కోసం రోజూ రైల్లో హైదరాబాదు ప్రయోగశాలకు పోయివచ్చేదాన్ని. పక్క సీటు ఆడవాళ్లు ఏం కూర తెచ్చుకున్నావని అడిగితే డబ్బా ఒళ్లోకి లాక్కొని కిటికీలోంచి చూసేదాన్ని.

క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు చిన్న చిన్న గుంపులుగా, దీవుల్లా ఉంటాయి. వాటిని చెదరకుండా విడదీస్తే ఒకనాటికి చక్కెర జబ్బు వాళ్లకు ఎక్కించవచ్చునని మా సారు ఆశ. ఎంజైము పోస్తే చుట్టూ ఉన్న కండ కరిగి దీవులు మిగలాలి. నా చేతిలో అన్నీ కలిసి గంజి అయ్యేవి. రెండు నెలలు చూసి సారు, "నెలాఖరుకు రాకపోతే ఈ పని ఆపేద్దామమ్మా" అన్నారు. ఆపితే నా చదువు అక్కడికే సరి.

ఆదివారం డైరీ తిరగేశాను. మాట్లాడేది తక్కువ కాబట్టి ఇతరులు నాతో అన్నవన్నీ అందులో రాసుకుంటాను. ఆ రెండు నెలల్లో ఒకే ఒక్క రోజు కొన్ని దీవులు గుండ్రంగా మిగిలాయి. ఆ రోజు పేజీలోనే, వికారాబాదులో నేను రోజూ క్లోమం కొనే మాంసం కొట్టు చాచా మాట ఉంది: "ఇయ్యాల ముసలిదే ఉన్నది, ఏమనుకోకు బేటీ."

అంటే మిగతా రోజులు? చదువుకునే పిల్లనని నాకోసం లేతవి ఏరి పెడుతున్నాడు. మొదటిరోజు క్లోమం బొమ్మ గీసిన కాగితం చేతికిచ్చి ఊరుకున్నాను. తర్వాత ఒక్క మాటా అడగలేదు.

సోమవారం కొట్టు ముందు జనం ఉన్నారు. వాళ్ల మధ్యలోంచి ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"చాచా, ముసలి మేకది కావాలె."

కత్తి ఆగింది. "లేతది తీసిపెట్టిన గద బేటీ."

"వద్దు. ముసలిదే."

పక్కనున్నావిడ నవ్వింది. "గీ పిల్లకు వంట రానట్టుంది. ముసలిది పొద్దుమూకినా ఉడకది."

"ఉడకబెట్టనమ్మా. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్త."

"చూస్తే కడుపు నిండుతదా?"

"ఆమెకు నిండుతదిలే," అన్నాడు చాచా. "పాలు ఎండిన మేకొకటి ఉన్నది. రేపు కోస్త. జర పొద్దుగాల్నే రా."

మంగళవారం అదే ఎంజైము, అదే వేడి, అంతే సేపు. మైక్రోస్కోపు కింద పళ్లెంలో దీవులు నిండుగా, గుండ్రంగా తేలాయి. లెక్క తప్పేదాకా లెక్కపెట్టాను. నమ్మకం కుదరక బుధవారం లేతది తెచ్చి చూస్తే మళ్లీ గంజి. రెండు వారాలు మార్చి మార్చి చేశాను. ప్రతిసారీ అంతే. లేతదాంట్లో దీవుల చుట్టూ పొర ఇంకా గట్టిపడక, కండతోపాటు అవీ చెదిరిపోతున్నాయి.

సారు పళ్లేలు ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. మిగతా విద్యార్థులు చుట్టూ చేరారు.

"ఎంజైమును తిట్టాం, ఐసును తిట్టాం," అన్నారు చివరికి. "మేక వయసెంతని ఒక్కరమూ అడగలేదు. రేపటినుంచి ఈ పని వీళ్లందరికీ నువ్వే నేర్పించాలమ్మా. కొంచెం గట్టిగా చెప్పు, వెనక ఉన్నవాళ్లకు కూడా వినపడాలి."