మాస్కు వెనక దాచిన మాట

నేను కడుపుతో ఉన్నప్పుడు, ఏడో నెలలో ఒక పొద్దున మా అత్తమ్మ వంటింట్లో మాస్కు పెట్టుకుని కనిపించింది. నా జబ్బు ఆ రోజే మొదలైందని ఇప్పటికీ అంటాను.

అది కరోనా రెండో వేవ్. మేం సూరత్‌లో, గోడాదరాలో ఉంటాం. మా ఆయన రమేశ్ ఊరి చివర సచిన్ పారిశ్రామికవాడలో ఒక మిల్లులో మగ్గం నడుపుతాడు. గర్భం వచ్చేదాకా నేనూ మగ్గాల షెడ్డులో బాబిన్లు చుట్టినదాన్నే. ఆ చప్పుడులో పక్కవాళ్లు అరిచినా వినబడదు. అందుకే మేం పెదవులు చూసి మాట పోల్చుకుంటాం, మిగతాది చేతులతో చెప్పుకుంటాం. గొంతు తగ్గించి నా దగ్గర గుట్టు దాచడం ఎవరి వల్లా కాదు. ఆ సంగతి అత్తమ్మకు బాగా తెలుసు, అందుకే ఆ మాస్కు.

అప్పటికి నాలుగు రోజులుగా మా ఆయన ఇంటికి రాలేదు. అడిగితే అత్తమ్మది ఒకటే జవాబు.

“మిల్లులనే ఉంచుకున్నరట బిడ్డా. ఫోన్ ఖరాబైందట. నువ్వు జర తిని పండుకో.”

నేను గదిలోకి రాగానే అత్తమ్మ, మరిది శ్రీను మాట ఆపేసేవాళ్లు. నేను లేనప్పుడు గడ్డం కింద ఉన్న మాస్కులు నన్ను చూడగానే ముక్కు మీదికి ఎక్కేవి. కరోనా నా ఒక్కదానికే ఉన్నట్టు!

ఒక మధ్యాహ్నం శ్రీను బయట నిలబడి మాస్కు తీసి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. కిటికీలోంచి అతని పెదవులు చూశాను. “అన్నకు ఆక్సిజన్ పెట్టిండ్రు.” అంతలో అటు తిరిగాడు. మిగతా సగం నాకు అందలేదు, ఆ సగాన్ని నా బుర్రే పూర్తి చేసింది. అడగడానికి ధైర్యం చాలలేదు. వాళ్లు దాచారు, నేను తెలియనట్టు నటించాను.

నిద్ర పట్టలేదు, అన్నం సహించలేదు. పాదాలు వాచాయి, తలపోటు, కళ్ల ముందు మెరుపులు. మూడో రోజు పొద్దుటి నుంచి బిడ్డ కదల్లేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. బీపీ బాగా పెరిగింది. బిడ్డ గుండె చప్పుడు చూసే ఎన్‌ఎస్‌టీ చేశారు, ఎదుగుదల చూసే గ్రోత్ స్కాన్ చేశారు. గుండె కొట్టుకుంటోందని చెప్పారు, కానీ గ్రోత్ రెండు వారాలు వెనకబడిందట.

డాక్టరమ్మ గుజరాతీ ఆమె. నా చేయి పట్టుకుని, ఇంట్లో ఏం దిగులని హిందీలో అడిగింది: “లావణ్యాబెన్, ఘర్ మే క్యా టెన్షన్ హై?”

అంతే, భోరుమన్నాను. “మా ఆయన ఉన్నడా లేడా, ముందుగాల గది చెప్పమనుండ్రి!”

అత్తమ్మ మాస్కు లాగేసి ఏడ్చింది. “ఉన్నడు బిడ్డా, దవాఖానల ఉన్నడు. నీకు చెప్తే కడుపులున్న బిడ్డకు ఏమన్న అయితదని చెప్పలే.”

డాక్టరమ్మ హిందీలో నెమ్మదిగా చెప్పింది: “బీపీకి చాలా కారణాలుంటాయి. అంతా టెన్షన్ వల్లే అని నేను అనను. కానీ తల్లి ఇంత భయంలో ఉంటే ఆ భారం బిడ్డ మీద కూడా పడుతుంది. నిజం చెప్పండి, రోజూ చెప్పండి.”

అక్కడి నుంచే శ్రీను వీడియో కాల్ కలిపాడు. మా ఆయన ముఖానికి ఆక్సిజన్ మాస్కు. మాట రాదు, పెదవులు కనబడవు. నన్ను చూసి బొటనవేలు, చూపుడువేలు కలిపి మెలిపెట్టాడు. తెగిన పోగు కలిపాక షెడ్డులో అవతలివాళ్లకు చూపే సైగ అది. పోగు కలిసింది, ఇక మగ్గం నడపొచ్చని అర్థం. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. ఆ రోజు కడుపునిండా తిన్నాను.

మాత్రలతో బీపీ కొంత దిగింది. ముప్పై ఐదో వారంలో మళ్లీ ఎగబాకింది. “ఇక ఆగలేం,” అని సిజేరియన్ చేశారు. ఆడపిల్ల, కిలో ఏడు వందల గ్రాములు. కొన్నాళ్లు ఎన్‌ఐసీయూ, ఆ తర్వాత గుండెలకు ఆనించుకుని కంగారూ కేర్. మా ఆయన సగమై ఇంటికొచ్చి, తలుపు దగ్గరే నిలబడి పిల్లను చూశాడు.

మా ఆద్య ఆలస్యంగా కూర్చుంది, ఆలస్యంగా నడిచింది. రెండేళ్లు నిండినా ఒక్క మాట లేదు. హియరింగ్ టెస్ట్ నార్మల్. “కడుపుతోని ఉన్నప్పుడు ఏడ్సినవ్ గదా, గందుకే,” అంది ఒక చుట్టం. ఆ మాటకు ఎన్ని రోజులు కుమిలిపోయానో నాకే తెలుసు.

సూరత్‌లోనే, అడాజన్‌లో ఒక స్పీచ్ థెరపిస్ట్ ఆ బరువు దించింది. “నెల తక్కువ పుట్టింది, చుట్టూ మాస్కులే చూసింది, మీ టెన్షన్ కూడా ఉండొచ్చు. ఏది ఎంత అని ఎవరూ చెప్పలేరు. ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా నిదానంగా మాట్లాడండి.”

నాకా చెబుతోంది! మగ్గాల షెడ్డులో నాకు వచ్చిన విద్యే అది. ఇంటిల్లిపాదీ వంతులేసుకుని పిల్ల ఎదురుగా కూర్చున్నాం. అలా మొదలుపెట్టిన మూడో నెలలో దాని పూసల దండ తెగింది. వాళ్ల నాన్న ముడివేసి ఇచ్చాడు. పిల్ల వాళ్ల నాన్నలాగే వేళ్లు మెలిపెట్టి చూపిస్తూ “కల్సింది!” అంది. మా కేకలకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు.

ఇప్పుడు అది బడికి వెళ్తోంది. టీచరుతో గుజరాతీ, పక్కింట్లో హిందీ, మాతో తెలుగు. మాట ఆగితే ఒట్టు.

నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో గర్భిణి ఉంటే చెడ్డ వార్త దాచకండి, పక్కన కూర్చుని మీరే చెప్పండి. ఇప్పుడు శ్రీను భార్యకు ఆరో నెల. మొన్న ఊళ్లో ఆమె తల్లికి బాగాలేదని ఫోన్ వచ్చింది. అత్తమ్మ గబగబా వెళ్లి ఆ పిల్ల ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది.

“మీ అమ్మను దవాఖానల చేర్పిచ్చిండ్రు బిడ్డా. ఏమున్నా నీకే మొదలు చెప్త. నా మొఖం చూడు, దాస్తలేను.”