ఆ పెయింటర్‌ది ఏం వీసా?

మా ఊళ్లో నేను షాపుల బోర్డులు రాసేవాణ్ణి, సినిమా హీరోల బొమ్మలు వేసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఏం పని వచ్చని ఏజెంటు అడిగితే పెయింటర్‌నని చెప్పాను. అందులో అబద్ధం లేదు. సౌదీలో, జుబైల్‌లో దిగాక, అక్కడ ఉండి పని చేసుకోవడానికిచ్చే నా ఇకామా కార్డు మీద కూడా అదే రాశారు. మూడేళ్లు పైపులకు బూడిద రంగు వేశాను.

సైటులో మా ఫోర్‌మన్ కొరియా ఆయన. యాభై దాటిన మనిషి, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఒకసారి సేఫ్టీ బోర్డు మీద ఎత్తు నుంచి పడిపోతున్న మనిషి బొమ్మ వేయమంటే వేశాను. ఆయన చాలాసేపు నిలబడి చూశాడు.

“యూ ఆర్టిస్ట్?”

“నో సర్. పెయింటర్,” అన్నాను. కార్డు మీద ఉన్నది అదే కదా.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ల్యాప్‌టాప్ పట్టుకుని మా గదికి వచ్చాడు. కొరియా సినిమా పెట్టాడు. పారిస్‌లో ఉండే ఒక కొరియా చిత్రకారుడి కథ. ఆయన సీనుసీనుకూ ఆపి రెండు ఇంగ్లీషు ముక్కలు చెప్పేవాడు, నేను గదిలోవాళ్లకు తెలుగులో చెప్పేవాణ్ణి. ఆ చిత్రకారుడి బొమ్మలు ఎవరూ కొనరు. హోటల్లో గిన్నెలు కడుగుతుంటాడు. తల్లికి ఫోన్ చేసి మాత్రం అంతా బాగుందంటాడు.

మా గదిలో అందరికంటే పెద్దాయన, నిర్మల్ వైపు వెల్డరు, లేచి కూర్చున్నాడు.

“గాయినది ఏం వీసానో అడుగు తమ్మీ.”

అడిగాను. ఫోర్‌మన్ ఆలోచించి, “స్టూడెంట్,” అన్నాడు.

“సదువుకునే వీసా మీద వచ్చి హోటల్ల పని జేసుడేంది? దొరుకుతే లోపలేస్తరు గదా.”

అవి నితాఖాత్ రోజులు, కంపెనీల్లో ముందు సౌదీవాళ్లకే పనివ్వాలని రూలు తెచ్చిన కాలం. వీసా ఇచ్చిన యజమాని, అంటే సొంత కఫీల్ దగ్గర కాకుండా బయట పని చేసేవాళ్లను రోడ్ల మీద ఆపి పట్టుకుపోతున్నారు. అందుకని ఎవరం నవ్వలేదు. తర్వాతి సీనులో చిత్రకారుడు బొమ్మ చంకలో పెట్టుకుని వానలో పరుగెత్తాడు. పోలీసులు వెంటపడ్డారనుకున్నాం. ఒక అమ్మాయి కోసమట.

“కామెడీ,” అన్నాడు ఫోర్‌మన్.

మేమంతా తలలూపాం.

సినిమా అయ్యాక ఆయన తన సంగతి చెప్పాడు. రెండేళ్లు బొమ్మలు నేర్చుకున్నాడట, తండ్రి మాన్పించి ఓడల పనిలో పెట్టాడట. వాల్వు నంబరు చదివినట్టు చెప్పి, తన బొమ్మ వేసిమ్మన్నాడు. మరుసటి శుక్రవారం హెల్మెట్ తీసి డ్రమ్ము మీద కూర్చున్నాడు. సైటులో మిగిలిన రంగులతో ప్లైవుడ్ ముక్క మీద వేశాను. ముఖం బూడిద రంగులో వచ్చింది. చూసి, “మై ఫాదర్,” అన్నాడు. నచ్చిందో లేదో అడగలేదు.

నితాఖాత్‌లో సౌదీవాళ్లు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి కంపెనీలకు రంగులుండేవి. మాది ఎరుపులో పడింది. కార్డులు రెన్యువల్ కావనీ, ఆకుపచ్చలో ఉన్న కంపెనీకి మారాలనీ చెప్పారు. మా ఆఫీసులో కర్నూలు క్లర్కు ఫారం నింపుతూ, “ఆ కంపెనీలో పెయింటర్ ఖాళీ లేదన్నా. ఆమిల్ ఉండాది, కూలీ అని. ఏసేద్దునా?” అన్నాడు.

నా పాత కార్డు తీసి బల్ల మీద పెట్టాను. సంతకాల కోసం వచ్చిన ఫోర్‌మన్‌కు సంగతి అర్థమైంది. ఫోన్ తీసి నేను వేసిన బొమ్మ ఫోటో చూపించాడు.

“హీ పెయింటర్. లుక్.”

క్లర్కు మర్యాదగా చూశాడు. “ఎవరు సార్ ఈయన?”

ఆమిల్ అనే పడింది. బయటికొచ్చాక ఫోర్‌మన్ నా భుజం మీద చెయ్యి వేసి, బండెక్కాడు. ఆయన్ని చూడటం అదే ఆఖరు.

కొత్త కంపెనీలో ఫోర్‌మన్ పాకిస్తానీ. కార్డు చూసి ఇనుప సామాను మోయమన్నాడు. పదకొండు రోజులు మోశాను. పన్నెండో రోజు వాళ్ల పెయింటర్ సెలవు మీద ఊరికి పోయాడు.

“పెయింట్ కిస్కో ఆతా హై?” రంగు వేయడం ఎవరికొచ్చని అడిగాడు ఫోర్‌మన్.

చెయ్యెత్తాను. ఆయన నా కార్డు మళ్లీ చూసి, మూరెడు పైపు ముక్క చేతికిచ్చి వేసి చూపించమన్నాడు. ఏ హీరో ముఖానికీ పెట్టనంత శ్రద్ధ ఆ ముక్కకు పెట్టాను.