మిషన్ తీసుకోదని చెప్పినాను

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, దేశానికీ దేశానికీ మధ్య ఆటల కంపెనీలు కట్టిన గోడను పగలగొట్టిన మొదటి మనిషిని నేనే. గని మూసేసినాక ఊరంతా తల మీద గుడ్డేసుకోని కూర్చోని ఉంటే, నేను సింగపూర్ నుంచి టీవీకి తగిలించే ఆట మిషన్ తెప్పించి, దాని పొట్ట విప్పి, ఏ దేశం డిస్క్ వేసినా ఆడేటట్టు నా చేతుల్తో నేనే మార్చినాను. కొరియా వాడొకడిని మూడు ఆటల్లో మట్టి కరిపించినాను. అండర్సన్‌పేటలో ఎవురినైనా అడుగు, చెప్తారు.

చెప్తారు. ఎందుకంటే వాళ్ళకు చెప్పింది నేనే.

ఇరవై ఏండ్లకు దగ్గరగా ఈ కత చెప్తా ఉండాను. చెప్పిన ప్రతిసారీ దీని అడుగున ఇంగో మాట కదులుతాది. దాన్ని తొక్కిపెట్టి పైన నవ్వుతాను. ఇప్పుడు వయసు మళ్ళింది, కాలితో నొక్కిపెట్టే బలం పోయినాది. నువ్వెవురో నాకు తెలీదు. తెలీదు కాబట్టే నీకు ఇది రాస్తా ఉండాను.

ముందు ఆ కత గాలి తీసేస్తాను. మిషన్ సింగపూర్‌ది కాదు. బెంగళూరులో ఒక సందులో పాత సామాన్లు అమ్మేవాడి దగ్గర కొన్నాను. దాని పొట్ట విప్పింది వాడే. లోపల ఏదో చిన్న బిళ్ళ అతికించి, వెనక పక్క గోరంత స్విచ్చి పెట్టినాడు. స్విచ్చి పైకుంటే ఏ దేశం డిస్కైనా ఆడతాది. కిందికి వేస్తే మిషన్‌కు దాని పుట్టుక గుర్తుకొస్తాది, వేరే దేశం డిస్క్ పెడితే టీవీ అంతా ఎర్రగా చేసి, ఇది నాది కాదు అంటాది. నేను చేసిందల్లా దాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకోని రైల్లో తెచ్చింది. ఆ కొరియా వాడు కూడా ఎవురో కాదు, పెండ్లికి వచ్చిన మనిషి, కోలార్ పక్కన తమక ఊరాయన. పాపం ఆయనకు ఆట రాదు.

గనిలో నేను వైండింగ్ ఇంజిన్ డ్రైవర్ని. ఇది మాత్రం గాలి కాదు. ఇనుప పంజరంలాంటి కేజ్‌లో మనుషుల్ని భూమి లోపలికి దించేది, షిఫ్టు అయినాక పైకి లాగేది నా పని. కేజ్‌లో ఉండేవాళ్ళు నాకు కనపడరు, నేను వాళ్ళకు కనపడను. గంట మోగుతాది, నా చెయ్యి కదులుతాది. అంతే. డ్రైవర్‌తో ఎవురూ మాట్లాడకూడదు. డ్రైవర్ ఈ పొద్దు కేజ్ దిగదు అంటే ఎందుకని ఎవురూ అడగరు, తిరిగి ఇంటికి పోతారు. ఆ ఊర్లో వైండింగ్ డ్రైవర్ మాటను అనుమానించేవాడు ఉండడు. అనుమానం ఉంటే ఆ పంజరంలో ఎట్ల నిలబడతాడు?

గని పోయినా ఆ నమ్మకం పోలేదు. అదే నాకు ఆటల అంగడి పెట్టుబడి. ఒక గది, రెండు టీవీలు, నాలుగు కుర్చీలు. ఆదివారమైతే నిలబడేదానికి చోటుండేది కాదు.

అక్కడికి వచ్చేవాడు మునిరత్నం. నారాయణప్ప కొడుకు. నారాయణప్ప లోపల రాయి తొలిచే పని చేసినాడు, నేను దించితే దిగి, నేను లాగితే పైకొచ్చిన మనిషి. గని మూసేనాటికి ఆయన రొమ్ములో దుమ్ము గట్టిపడిపోయినాది. నాలుగడుగులు వేస్తే ఆగాల. కింద గని కూలోళ్ళ లైన్ ఇండ్లల్లో, ఇంట్లోనే ఉండేవాడు. మిట్ట ఎక్కి నా అంగడి పక్కకు వచ్చేవాడే కాదు. ఆ ఇంటికి సంపాదన మునిరత్నమే. తెల్లవారే రైలెక్కి బెంగళూరికి పోయి, ఏ బిల్డింగ్ ముందరో యూనిఫారం వేసుకోని నిలబడి, రాత్రికి తిరిగొచ్చేవాడు.

వాడి చేతిలో ఆట ఉండేది. కొట్లాట ఆట. ఎదుటివాడు ఏం చేయబోతాడో వాడి వేలికి ముందే తెలిసిపోయేది. ఒక ఆదివారం నేను నా గొప్పలు చెప్తా ఉంటే, అందరూ చూస్తా ఉండగా వాడు నాతో ఆడినాడు. చూసేవాళ్ళు ఊపిరి పీల్చుకునే లోపల నన్ను పడగొట్టినాడు. అప్పుడు నవ్వుతా అన్నాడు, మామా, కేజ్ జారిపోయిందే, అని.

గది గదంతా నవ్వింది. నేనూ నవ్వినాను.

నీకు ఇది చిన్న మాటే. మాకు కాదు. నా సర్వీసంతటా ఒక్కసారి కూడా నా చేతిలో కేజ్ జారలేదు. జారితే ఏమయ్యేదో వాడి నాయనకు తెలుసు. నా దగ్గర నిజంగా మిగిలిన గొప్ప అదొక్కటే, వాడు తెలియకనే దాని మీద చెయ్యి వేసినాడు. తెలియకనే. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా లోపల పెట్టుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు బెంగళూరులో ఒక ఆటల పోటీ పడింది. ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి పెట్టినాది. గెలిచినవాళ్ళను ఉద్యోగంలోకి తీసుకుంటారు. కొత్త ఆటలు బయటికి రాకముందు ఆడి, తప్పులు పట్టే ఉద్యోగం. కుర్చీలో కూర్చోని. మునిరత్నం జీవితంలో కుర్చీ ఉద్యోగమనే మాట అదే మొదటిసారి. కానీ పోటీ పెట్టేది ఒక కొత్త ఆట మీద, అది మన దేశంలో ఇంగా అమ్మకానికి రాలేదు. పెద్ద ఊర్లల్లో చేతనైనవాళ్ళు బయటి డిస్కులు తెప్పించుకోని, గోడ పగలగొట్టిన మిషన్లలో అప్పటికే చెయ్యి తిప్పుకుంటా ఉన్నారు. మునిరత్నం మేనమామ కొడుకు ఓడలో వంట చేస్తాడు. వాడు జపాన్‌లో దిగినప్పుడు ఆ డిస్క్ కొని పంపించినాడు.

డిస్క్‌ను చొక్కా లోపల పెట్టుకోని వచ్చినాడు మునిరత్నం.

"మామా, యా దేశం డిస్కైనా నీ మిషన్ తింటాదని చెప్తావు కదా. ఇది ఏసి చూడు."

డిస్క్ తీసుకోని మిషన్ దగ్గర వంగినాను. నా వీపు వాడి పక్క ఉంది. నా వేలు వెనక్కి పోయింది. చెప్తే నమ్ముతావో లేదో, గంట మోగితే లివర్ మీదికి చెయ్యి పోయినట్టే, ఆలోచన లేకుండా పోయింది. ఆలోచన లేకుండానా? అబద్ధం. స్విచ్చి కిందికి వేసేముందు ఒక్క క్షణం ఆగినాను. ఆ క్షణం నాకు బాగా గుర్తుండాది. ఆ నవ్వులన్నీ ఆ క్షణంలో వినిపించినాయి.

టీవీ ఎర్రగా అయింది.

"తీసుకోలేదప్పా. ఇది కొత్త తాళం. నా చేత కూడా కాదు."

"డిస్క్ నాది, టీవీ నీది, కరెంటు మన ఊరిది. ఆడొద్దనేదానికి యాడనో ఉండేవాడు ఎవుడు మామా? ఇది న్యాయమేనా?"

"అందరికీ ఒకే రూలు. అందరికీ ఒకటైనంక న్యాయం కాక ఏంది?"

 "నువ్వే చెప్తే ఇంగేముండాది మామా," అని డిస్క్ తీసుకోని పోయినాడు.

వేరే ఊర్లో ఇంగొకడైతే ఇంగో అంగడికి పోయి చూసేవాడు. లేకపోతే పక్కకు జరుగు అని మిషన్ తిప్పి చూసేవాడు. నారాయణప్ప కొడుకు అట్ల చెయ్యడు. గోడ పగలగొట్టినవాడే కాదంటే ఇంగ ఎవురి చేత అవుతాది? పైగా కాదన్నది వైండింగ్ డ్రైవర్.

పోటీకి పోయినాడు. ఎప్పుడూ చేత్తో ముట్టని ఆటను, నెలల తరబడి ఆడినవాళ్ళ ముందర కూర్చోని ఆడినాడు. మొదటి ఆటలోనే అయిపోయింది. మరుసటి రోజు డిస్క్ తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు. ఇది నీ దగ్గరే ఉండనీ మామా, ఎప్పుడైనా మిషన్ ఒప్పుకుంటే నువ్వు ఆడుకో, అన్నాడు. ఎగతాళి లేదు. ఉండుంటే నేను బతికిపోయేవాడిని.

వాడు పోయినాక తలుపు వేసి, స్విచ్చి పైకి వేసి, డిస్క్ పెట్టినాను. వెంటనే ఆడింది. ఎంత బాగుందో ఆ ఆట. అది కూడా చెప్పాల కదా నీకు.

ఇట్ల దేశానికొక గీత గీసేది న్యాయమా, కాదా? ఇన్నేండ్లూ ఈ ప్రశ్ననే తిప్పి తిప్పి చూసుకున్నాను, ఎందుకంటే గీత తప్పైతే నా తప్పు కొంత దాని మీదికి తోసేయొచ్చని. తోసేదానికి కుదరలేదు. ఇప్పుడు ఫోన్లలో ఆడేవాళ్ళను దగ్గర దేశాలవాళ్ళతోనే కలుపుతారంట. చాలా దూరం నుంచి ఆడేవాడికి ఎదుటివాడి దెబ్బ ఆలస్యంగా కనపడతాది, ఆ రెప్పపాటులోనే చచ్చిపోతాడు. అట్లాంటి గీత ఆటగాడి మేలుకే. పేద దేశంలో చౌకగా అమ్మాలన్నా ఏదో ఒక కంచె ఉండాల, లేకపోతే ఉన్నవాళ్ళంతా ఇక్కడికే వచ్చి కొనుక్కుంటారు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆ ఎర్ర తెర, డిస్క్ కొనేవాడికి ముందే కనపడదే. కొని, ఆశ పెట్టుకోని, ఇంటికి తెచ్చుకున్నాకే కనపడతాది. పైగా అందరికీ ఒకే రూలు అని నేనన్నది పచ్చి అబద్ధం. స్విచ్చి ఉన్నవాడికి రూలు లేదు. లేనివాడికే రూలు. ఉన్నవాడు నాలాంటివాడైతే, యాడనో ఉండే కంపెనీ పేరు చెప్పి, తన గీత తాను గీసుకుంటాడు. అది కంపెనీ గీత కాదని ఎదుటివాడికి ఎట్ల తెలుస్తాది?

గని నడిపిన తెల్లదొరల క్లబ్బులో బిలియర్డ్స్ బల్ల ఉండేది. మా నాయన దాన్ని రోజూ తుడిచేవాడు. ఒక్కసారి కూడా ఆ కర్ర పట్టుకోని ఆడలేదు. ఈ మాట చెప్పి నేను ఎంతమంది దగ్గర కండ్లనీళ్ళు తెప్పించినానో. ఆ మాట చెప్పిన నోటితోనే మునిరత్నానికి రూలు చెప్పినాను.

నారాయణప్ప ఆ పై వానల్లో పోయినాడు. మునిరత్నం వేమగల్ పక్క ఫ్యాక్టరీలో చేరినాడు. నిలబడి చేసే పనే. కాపురం తమకలో. ఎదురుపడితే ఇప్పటికీ మామా అంటాడు.

మొన్న టీ అంగడి దగ్గర ఎవురో, తాము ఆడే ఆటను మన దేశంలో ఆపేసినారని, ఇది న్యాయమేనా అని తగువు పడతా ఉన్నారు. అలవాటుగా నా నోరు లేచింది, అందరికీ ఒకే, అని. తక్కింది బయటికి రాలేదు. టీ కూడా తాగలేదు. ఇంటికి పోయి, ట్రంకులో నా భార్య చీరల కింద ఉన్న డిస్క్ తీసుకోని తమక బస్సెక్కినాను.

ఆదివారం పొద్దున. మునిరత్నం వాకిట్లో కూర్చోని, నానబెట్టిన అనపగింజలు పితుకుతా ఉన్నాడు. తొక్క ఒక పక్క, పప్పు ఒక పక్క. తల నెరిసింది. కుర్చీ వేసి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. డిస్క్ ఆ తొక్కల పక్కన పెట్టి, ఇంతదాకా నీకు చెప్పినట్టే, ఇదే వరసలో అతనికీ చెప్పినాను. స్విచ్చి గురించి చెప్పినాను. జారిన కేజ్ మాట గురించి చెప్పినాను. ఒక్క ఆదివారం, ఒక్కసారి, కోపంలో నా వేలు అట్ల పోయిందప్పా, అని చెప్పినాను. చెప్తా ఉంటే రొమ్ము మీద నుంచి ఏదో దిగుతా ఉన్నట్టే ఉండింది. క్షమించమని అడగలేదు. అడిగే మొగం లేదు.

అతని వేళ్ళు ఆగలేదు. ఒక్కో గింజా పితుకుతానే ఉన్నాడు. నేను ఆపినాక మాట్లాడినాడు. ఆ మాట విన్నాకనే నాకు తెలిసింది, గొప్పలు పెంచిన నోరే తప్పును తగ్గించుకుంటా వచ్చిందని. ఇప్పుడు కూడా చూడు, ఆ తగ్గించిన కతే నీకు మొదట రాసినాను. మార్చి రాసేదానికి చెయ్యి రాలేదు. అతని మాటే పెడతా ఉండాను.

"ఒక్కసారి కాదు మామా. పై వారం మళ్ళీ వచ్చినాను, మిషన్ చల్లగా ఉన్నప్పుడు తీసుకుంటాదేమో అని. మళ్ళీ ఎర్రగానే చూపించినావు. ఆ పై వారం మా నాయన వచ్చినాడు. రొమ్ము పట్టుకోని, ఆగి ఆగి, మిట్టెక్కి నీ అంగడికి వచ్చినాడు. అన్నా, ఇంగొక్కసారి చూడన్నా అని నిన్ను అడిగినాడు. ఆయనకీ అదే చూపించినావు. చెప్తే అంతా చెప్పు."