మొదటి బకెట్ పక్కింటికి

మా చిన్నప్పుడు... ఆ పది రోజులూ నేను గుమ్మం ఇవతల కూర్చుని అమ్మని చూస్తూ ఉండేదాన్ని. తమ్ముడు పుట్టాడు. పురుడు. ముట్టుకోకూడదు. పదకొండో రోజు వేడినీళ్ళతో తలస్నానం అయితేనే అమ్మ ఆ గదిలోంచి బయటికి వస్తుంది. ఆరేళ్ళదాన్ని... ఆ రోజెప్పుడొస్తుందా అని ఎదురుచూపే పని.

సరిగ్గా అప్పుడే మా బాయిలరు అడుగు ఊడింది.

బర్మాలో, అప్పటి రంగూన్, ఇప్పటి యాంగోన్‌లో, పజుండౌంగ్ పేటలో వరస ఇళ్ళు మావి. వెనక రేకుల షెడ్డులో ఉండేది బాయిలరు. ఇప్పటివాళ్ళకి చెప్తే నవ్వుతారు... గోడకి ఒక నూనె డబ్బా, అందులో నాన్న పనిచేసే బస్సుల వర్క్‌షాపులో వాడి పారేసిన ఇంజను నూనె. సన్న గొట్టంలోంచి బొట్టు బొట్టుగా ఇనప మూకుట్లో పడి మండేది. దాని మీద నీళ్ళ పీపా. ఒక్కసారి వెలిగిస్తే ఇంటిల్లిపాదికీ స్నానాలు.

కొత్తది కొందామన్న మాటే రాలేదు. నాన్న రాగి రేకు తెచ్చి పీపాలా వంచాడు. అతుకులకి తగరం కరిగించి మాటు వేశాడు. కింద కుళాయి బిగించాడు. మూడు సాయంత్రాలు పట్టింది. నాన్న నోట్లో నాలుక లేని మనిషి, పని చేస్తుంటే అసలే మాట్లాడడు. నేను కాసేపు అమ్మ గుమ్మం దగ్గర, కాసేపు షెడ్డు గుమ్మం దగ్గర. రెండుచోట్లా నన్ను దగ్గరికి రానిచ్చేవాళ్ళు లేరు.

పదకొండో రోజు పొద్దున్న బాయిలరు సిద్ధం. కానీ పంపులో నీళ్ళు రాలేదు. ఇంట్లో ఉన్నవి తాగడానికి రెండు కుండలు, అంతే. మా మామ్మ, అంటే నాన్నవాళ్ళమ్మ, పూజారి చెప్పిన గడియ పట్టుకుని కూర్చుంది.

"ఒరే అప్పన్నా, గడియ దాటిపోతాదిరా. నిప్పెట్టీ."

"నీళ్ళు లేకుండానా అమ్మా? మాటు కరిగిపోతాది."

"నిప్పు ముట్టించడమే కదరా ముహూర్తం. నీళ్ళు ఎనకాల పోసుకుంటే ఏటి?"

రెండోసారి చెప్పాక తల్లి మాటకి నాన్న ఎన్నడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు. కొబ్బరికాయ కొట్టి, ముట్టించేశాడు. చిన్న మంటే... కానీ ఖాళీ పీపాకి చిన్న మంటేమిటి, పెద్ద మంటేమిటి. కాసేపటికి పంపులో నీళ్ళొచ్చాయి. నాన్న పరిగెత్తి మంట ఆపి, రేకు చల్లారేదాకా ఆగి నీళ్ళు పోశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. పోసిన నీళ్ళు పోసినట్టే అడుగు అతుకులోంచి కారిపోయాయి.

మామ్మకి తల కొట్టేసినట్టయింది. షెడ్డు మెట్టు మీద చతికిలబడి, "నా సేత్తో నేనే పాడు సేసినాను" అంది. నాన్న "మాటే కదమ్మా, మళ్ళీ ఏసుకుందుం" అన్నాడు, అంతే. నేను మాత్రం ఏడుపు అందుకున్నాను. నీళ్ళ కోసం కాదు... అమ్మ కోసం.

ఆ ఏడుపు విని పక్కింటి డో ఖిన్ వచ్చింది. బర్మా ఆవిడే, 'డో' అంటే వాళ్ళలో 'గారు' లాంటిది, కానీ మా వరసలో ఉండి ఉండి మా తెలుగు నేర్చేసింది. సంగతంతా విని మామ్మ వైపు చూసి, "ఏటి పెద్దమ్మా, యేన్వే కోసం ఏడుస్తారా?" అంది. యేన్వే అంటే వేడినీళ్ళు. గుమ్మంలో నిలబడి వరసంతా వినపడేలా బర్మీస్‌లో ఏదో కేకేసింది. ఇక చూడండి... కెటిల్ ఒకరు, అన్నం గిన్నె ఒకరు, డేగిసా ఒకరు. ఏడిళ్ళ పొయ్యిల మీంచి వచ్చిన నీళ్ళతో మా అమ్మకి స్నానం అయింది.

తడి తలతో అమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆ జుట్టులోంచి సాంబ్రాణి పొగ వాసన... ఈ రోజుకీ నా ముక్కుకి తెలుసు.

మర్నాడు నాన్న మళ్ళీ మాటు వేశాడు. ఈసారి నీళ్ళు ముందు, నిప్పు తర్వాత. నీళ్ళు కాగాక మామ్మ ఒక్క మాట అంది. "ముందు బకెట్టు ఖిన్ ఇంటికి. ఇయ్యాలనే కాదు, ఎప్పుడెలిగించినా." అలాగే జరిగింది. మామ్మ పోయాకా, నాన్న పోయాకా, అమ్మ పోయాకా కూడా మొదటి బకెట్ నేనే ఇచ్చి వచ్చేదాన్ని.

పోయిన వారం ఆ రాగి బాయిలరు ఇక మాటుకి లొంగలేదు. కరెంటు ఎప్పుడుంటుందో ఎవరికీ తెలియని ఊళ్ళో గీజరు పెట్టుకుని ఏం చేయను? ఊళ్ళోనే తామ్వే పేటలో ఉండే తమ్ముడికి ఫోన్ చేస్తే, నేను తెలుగులో అడిగినదానికి వాడు బర్మీస్‌లో జవాబు చెప్పాడు, ఎవర్నో పంపిస్తానని. ఎవరూ రాలేదు. నాన్న పానా తీసి నేనే మొదలుపెట్టాను. తుప్పుపట్టిన ఒక్క బోల్టు ఊడడానికే పూటంతా పట్టింది. స్టీలు పీపా తెచ్చి, కుళాయి బిగించి, నూనె గొట్టం కలిపి, నీళ్ళు నిండా పోసి, మూత తీసి రెండుసార్లు చూసుకుని అప్పుడు ముట్టించాను. గడియ దాటిపోతుందని తొందరపెట్టేవాళ్ళు లేరు. తప్పు చేసినా చూసేవాళ్ళు లేరు.

నీళ్ళు కాగాయి. చెయ్యి తన పని తను చేసేసింది... మొదటి బకెట్ పట్టుకుని పక్కింటి ముందు నిలబడ్డాను. తలుపుకి తాళం. డో ఖిన్ పోయి ఏడాదయింది, అప్పట్నుంచి ఆ బకెట్ మానేశాను, ఇల్లు కొన్నవాళ్ళు ఇంకా రాలేదు. నాకు తెలియదా? తెలుసు. అయినా వెళ్ళాను.

వెనక్కి తేవడానికి మనసొప్పలేదు. గడప దగ్గర పెట్టేసి వచ్చాను. సాయంత్రం వెళ్ళి చూస్తే నీళ్ళు చల్లగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. తెచ్చుకుని ఆ చన్నీళ్ళే పోసుకున్నాను.

మీ ఇంట్లో కూడా ఇలా పొరుగువాళ్ళకి ఇచ్చాకే మీరు ముట్టుకునేది ఏదైనా ఉండేదా? ఇప్పుడు అది ఎవరికిస్తున్నారు... చెప్పండి, చదువుతాను.