నర్సమ్మ కాచిన లేపనం

మొన్న చర్మం డాక్టరమ్మ నా చేతులు చూసి మందు రాసిస్తూ, "చేతులు కడుక్కోగానే తడి ఆరకముందే పూసుకోండి. లోపలి తేమ బయటికి పోకూడదు" అన్నది. నాకు నవ్వొచ్చింది. ఆ అమ్మాయి పుట్టకముందే జహీరాబాద్‌లో మా పక్కింటావిడ ఈ మాట నాకు చెప్పింది.

ఎనభైల మొదటి సంగతి. మాది అల్లం చేను. చలికాలంలో తవ్వకం మొదలైతే ఇంటిల్లిపాదీ కూర్చుని అల్లానికి పట్టిన మట్టి గీకి కడగాల్సిందే. నేను పదో తరగతి గట్టెక్కి, బస్టాండు దగ్గర టైపు నేర్చుకుంటున్నాను. మిషను దగ్గర అల్లం వాసనని తోటి అమ్మాయిలు ముక్కు మూసుకుంటే, ఆ సిగ్గుకు బట్టల సబ్బుతో చేతులు తోమిందే తోమేదాన్ని. చర్మం పొలుసులు లేచి, వేళ్ల కొసలు పగిలాయి. ఒకరోజు మాస్టారు నా కాగితం మీద నెత్తుటి మరకలు చూసి, "చేతులు మానేదాకా రాకమ్మా" అన్నారు. పరీక్ష ఇరవై రోజుల్లో ఉంది. అది తప్పితే చదువు చాలించి పెళ్లి చేసుకోవాలని నాన్న ముందే చెప్పి ఉంచాడు.

పక్కింటావిడ సర్కారు దవాఖానలో నర్సు. అందరికీ నర్సమ్మే. కానీ ఆమెకూ అమ్మకూ ఏడాదిగా మాటల్లేవు. మా బర్రెదూడ ఆమె గులాబీలు మేసింది. "నోరులేని జీవం, దానికేం తెలుస్తది" అన్నది అమ్మ. "నోరు లేకుంటే నా చెట్లెట్ల తిన్నది?" అన్నది నర్సమ్మ. అక్కడితో రెండిళ్ల మధ్యా రాకపోకలు బంద్.

ఆ సాయంత్రం అమ్మ నా మణికట్టు పట్టుకుని ఆమె గేటు దాకా తీసుకుపోయింది. గొళ్లెం మీద చెయ్యి వేసి, తీసి, మళ్లీ వేసింది. "అక్కా, తప్పు మాదే. జర పిల్ల చేతులు చూడు" అన్నది. అమ్మ తప్పు ఒప్పుకోవడం నాన్న కూడా ఎన్నడూ చూసి ఉండడు.

నర్సమ్మ అమ్మ వైపు చూడకుండా నన్ను వాకిట్లోకి పిలిచింది. నా వేళ్లు వెలుతురుకు తిప్పి చూసి, "దేంతోని కడుగుతున్నవ్ బిడ్డా?" అని అడిగింది.

"బట్టల సబ్బుతోని."

"అల్లం కాల్చింది కొంచెమే. సబ్బే నీ తోలు తింటున్నది. తోలుకు దాని నూనె దానికుంటది. అది పోతే తడి నిలువది."

కుసుమనూనెలో తేనెమైనం కరిగించి, ఒక రేకు డబ్బాలో పోసి చల్లార్చింది. నా చేతులు వట్టి నీళ్లతో కడిగించి, ఆ తడి మీదే వేలువేలుకూ పూసింది. మొదట చురుక్కుమంది, తర్వాత అన్ని రోజుల్లో మొదటిసారి మంట చల్లబడింది. నాకు ఏడుపొచ్చింది. "ఫికర్ చెయ్యకు, పరీక్ష రాస్తవ్" అన్నదామె. తర్వాత తల తిప్పకుండానే, "దీన్ని అల్లం ముట్టనియ్యకు" అన్నది. ఏడాది తర్వాత అమ్మతో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

అమ్మ నా వాటా అల్లం కూడా తానే గీకింది. రోజూ సాయంత్రం నన్ను తీసుకుపోయి మొదట గేటు బయటే నిలబడేది. తర్వాత మెట్టు మీద కూర్చున్నది. రెండో డబ్బాకు మైనం కాచేనాటికి పొయ్యి దగ్గర గరిటె అమ్మ చేతిలోనే ఉంది. పన్నెండు రోజులకు కొత్త చర్మం వచ్చింది. మిగిలిన వారం రోజులు మిషను వదలకుండా కొట్టి పరీక్ష పాసయ్యాను. ఆ పాసుతోనే తర్వాత నాకు ఉద్యోగమొచ్చింది.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. ఆనాడు నా ధ్యాసంతా పరీక్ష మీదే. గేటు ముందు అమ్మ ఎందుకంత సేపు ఆగిందో అర్థం కావడానికి నాకూ అమ్మ వయసు రావలసి వచ్చింది.